పది నిమిషాల క్షమాపణ

“కొత్త కర్టెన్లా? ఎప్పుడు కొన్నాం?” అని అడిగాడు భర్త, గడ్డం గీసుకుంటూ.

ఆ కర్టెన్లు కొని ఆరేళ్లయింది. రంగు నచ్చలేదని ఆ రోజు ఇల్లెగిరిపోయేలా అరిచినవాడూ ఇతనే. ఆమె అతని మెడ కింద తువ్వాలు సర్ది, “నిన్ననే” అంది. నిజం చెబితే మాత్రం కాసేపటికి మళ్లీ అడగడా?

మెదడువాపు జ్వరం తగ్గి ఇంటికొచ్చి ఐదు నెలలు. పెళ్లయిన మొదటి ఏడాది వరకే అతనికి గుర్తు. ఆ తర్వాతి పదకొండేళ్లు బుర్రలోంచి తుడిచిపెట్టుకుపోయాయి. కొత్తగా ఏం చెప్పినా పది నిమిషాలు నిలవదు. గడ్డం మాత్రం ఒక్క గాటు పడకుండా నున్నగా గీసుకుంటాడు. “జరిగినవి దాచుకునే చోటు పాడైందమ్మా. చేతికి అలవాటైన పనులు మెదడులో ఇంకోచోట ఉంటాయి, అవి పోలేదు” అని డాక్టరమ్మ చెప్పింది.

ఈ కొత్త మనిషి ఇంట్లోవాళ్లకి తెగ నచ్చాడు. “నీ అదృష్టం వదినా, అన్నయ్య బంగారమైపోయాడు” అంది ఆడపడుచు, ఫోన్లో. వచ్చి ఒక్కపూట కూర్చోమంటే మాత్రం ఆవిడకి నడుం నొప్పి. ఆ బంగారానికి స్నానం చేయించేదెవరో, మందులు మింగించేదెవరో, ఒకే ప్రశ్నకి గంటకి ఆరుసార్లు జవాబు చెప్పేదెవరో ఎవరూ అడగలేదు.

అయినా ఆమె బాధ చాకిరీ గురించి కాదు. ఒకప్పుడామె ఇళ్ల ప్లాన్లు గీసే ఉద్యోగం చేసేది. కడుపు పోయి ఆసుపత్రిలో ఉన్న వారంలో, అతను ఆమె పేరుతో రాజీనామా రాసి, సంతకం కూడా తనే గిలికి ఆఫీసుకి పంపేశాడు. అడిగితే “నీ మంచికేగా” అన్నాడు. ‘తప్పు చేశాను’ అని అతని నోటివెంట వినాలని ఏళ్ల తరబడి కాచుక్కూర్చుంది. ఇప్పుడా తప్పు ఇద్దరిలో ఒకరికే తెలుసు. అత్తగారి దగ్గర ఆ మాట ఎత్తితే, “వాడికే గుర్తులేనిది నువ్వెందుకమ్మా తవ్వుకుంటావు?” అంది. చేసినవాడు మర్చిపోతే జరగనట్టేనా?

ఒక మధ్యాహ్నం అతని మంచం పక్కకి కుర్చీ లాక్కుని మొత్తం చెప్పేసింది. అతని మొహం పాలిపోయింది. “నేనా? నీకు నేనలా చేశానా?” అంటూ ఆమె చేతులు పట్టుకున్నాడు. “తప్పు చేశాను. నన్ను క్షమించు.” ఆమె వెక్కి వెక్కి ఏడ్చింది. పది నిమిషాలకి అతను ఆమె కళ్లు తుడుస్తూ, “అదేంటి, ఎందుకేడుస్తున్నావు? ఎవరేమన్నారు?” అన్నాడు.

మర్నాడు మళ్లీ చెప్పింది. ఆ మర్నాడూ చెప్పింది. అది మంచి పని కాదని ఆమెకి తెలుసు. కానీ ఆ క్షమాపణ అతని దగ్గరా నిలవదు, ఆమె దగ్గరా నిలవదు. తెల్లారేసరికి కోపం ఎక్కడిదక్కడే ఉంటుంది. ఇలా మూడు వారాలు గడిచాయి.

ఆ తర్వాత ఒకరోజు ఆమె కుర్చీ లాగగానే అతను గోడవైపు జరిగి, దుప్పటి గుప్పిట్లో బిగించాడు. ఆమె ఇంకా నోరే విప్పలేదు.

“ఏమైందండీ?”

“ఏమో, తెలీదు. నువ్వక్కడ కూర్చుంటే గుండె దడగా ఉంది.”

ఆమె లేచిపోయింది. మరెప్పుడూ ఆ మాట ఎత్తలేదు. అయినా ఆమె గదిలోకి వస్తే చాలు, అతని భుజాలు ముడుచుకుపోతూనే ఉన్నాయి.

అత్తగారితో కలిసి నెలవారీ పరీక్షకి తీసుకెళ్లినప్పుడు డాక్టరమ్మ అది కనిపెట్టింది. బీపీ చూడ్డానికని భార్య అతని చొక్కా చెయ్యి మడవబోతే ఉలిక్కిపడ్డాడు. “జరిగింది ఈయనకి గుర్తుండదు. దాని తాలూకు భయం మాత్రం ఉండిపోతుంది. అది దాచుకునే చోటు వేరు, దానికి దెబ్బ తగల్లేదు. ఇంట్లో ఎవరైనా భయపెడుతున్నారా?”

“అయ్యో, నా కోడలు దేవతమ్మా!” అంది అత్తగారు.

కోడలు చేతిలోని మందుల చీటీలు సర్దసాగింది. చెబితే ఎక్కణ్ణించి మొదలుపెట్టాలి? రాజీనామా ఉత్తరం నుంచా? ఎవరు వింటారు?

డాక్టరమ్మ అతని వైపు తిరిగింది. “మీరు చెప్పండి. ఈవిడంటే భయమా?”

అతను భార్య మొహంలోకి ఒకసారి చూసి, గబుక్కున నవ్వాడు. “అబ్బే, భయమేంటండీ? నన్ను చాలా బాగా చూసుకుంటుంది. నాకే ఊరికే కంగారు.”

పదకొండేళ్లపాటు ఇంటికొచ్చిన ప్రతి ఒక్కరికీ, ముందు భర్త మొహంలోకి చూసి, అదే నవ్వు నవ్వి, ఆమె చెప్పిన జవాబు అదే.