కళ్లం గట్టున ఎడమ బూటు

నేను ఒక ఎడమకాలి బూటుని. కుడికాలిదాన్ని కాదు, గుర్తుంచుకోండి. సిపాయి కవాతులో ముందు పడే అడుగు నాదే. ఆ మాట రోజూ గుర్తుచేస్తుంటాను, పక్కనున్న కుడిదానికి ఒళ్లు మండుతుంది.

గేదె తోలుతో నన్ను కుట్టారు. మేకులు కొడితే ఓర్చుకున్నాను, నల్ల పాలిష్ పట్టించాక పెళ్లికొడుకులా పొంగిపోయాను. సిపాయిల శిక్షణ కేంద్రం స్టోరులో ఉన్నాను, నా సైజు నంబరు ఏడు. మొదట నన్ను అందుకున్నవాడు తవిటినాయుడు. శ్రీకాకుళం వైపు పల్లెటూరి కుర్రాడు, అంతకుముందు బూటు తొడిగి ఎరగడు. పాదం చేటంత. దూరలేక దూరింది. నేను గావుకేక పెట్టాను, వాడు కిక్కురుమనలేదు.

మర్నాడు కవాతు. ఊడ్చి నీళ్లు చల్లిన మైదానంలోకి అంతా నడిచారు. తవిటి మాత్రం అంచున ఆగాడు. మమ్మల్ని విప్పి పక్కన పెట్టాడు, మట్టికి దండం పెట్టాడు, వట్టి కాళ్లతో వెళ్లి వరసలో నిలబడ్డాడు.

కడప హవల్దారు ఓబులేసు మీసం లేచింది. "ఏంరా, బూట్లు యాడ పెట్టినావ్?"

"కళ్లంలాగ ఊడ్సీసి ఉంది గదండి. గింజలు నూర్సేకాడికి సెప్పులేసుకుని ఎలాగెల్తామండి?"

పక్కనున్న జోయెల్ పగలబడి నవ్వాడు. సికింద్రాబాద్‌లో నాలుగో అంతస్తులో పెరిగినవాడు, మట్టిని పూలకుండీలో తప్ప చూడలేదు. "గింజల్ని కాదురా, ఈడ మనల్నే నూరుస్తరు!"

విప్పినందుకు తవిటికీ, నవ్వినందుకు జోయెల్‌కీ మైదానం చుట్టూ పరుగు పడింది.

వారం తిరక్కుండానే తవిటి మడమలు పుండ్లయ్యాయి. శనివారం బూట్లతో ఐదు మైళ్ల పరుగు. గడువులోగా రాకపోతే వెనక బ్యాచ్, అక్కడా తప్పితే ఇల్లే. డప్పులు కొట్టి సాగనంపిన ఊరికి ఏ ముఖం పెట్టుకుని వెళతాడు? నా మూలంగా ఒకడి కొలువు పోతోందంటే నా మేకులు చల్లబడ్డాయి.

శుక్రవారం సాయంత్రం జోయెల్ ఆ పుండ్లు చూశాడు. "అరే, గింత చిన్నగున్నయ్! మార్చమని అడగవేందిరా?"

"ఇచ్చినదానికి వంక పెడతారేటిరా? తప్పు కాదూ!"

జోయెల్ నెత్తి కొట్టుకున్నాడు. వాడు పది జతలు దింపించి ఒక్కటీ కొనకుండా షాపు దిగే రకం. నన్ను చంకన పెట్టుకుని స్టోరుకి పరిగెత్తాడు. తాళం. తిరిగొచ్చి తలొంచుకుని తన బూట్లు విప్పాడు. లోపలంతా న్యూస్‌పేపరు ఉండలు!

"నాయి తొమ్మిది నంబర్‌రా. పెరుగుతవ్ బిడ్డా అని మా మమ్మీ ఎప్పుడూ రెండు నంబర్లు పెద్దయే కొంటది. స్టోర్ల అడిగితే నోట్లకెళ్లి గదే వచ్చింది."

ఈసారి తవిటి దొర్లి దొర్లి నవ్వాడు. "మీసాలొచ్చీసినాయి, ఇంకేటి పెరుగుతావురా!"

జతలు మారాయి. జోయెల్ పాదం నాలో ఒరలో కత్తిలా కుదిరింది. కానీ కత్తికి ఊపిరి లేదు! శనివారం మూడో మైలుకే జోయెల్ వగరుస్తూ కూలబడబోయాడు. ముందున్న తవిటి వెనక్కి తిరిగి కేకేశాడు.

"ఒరే జోయెలూ! మద్దేనం నీ గుడ్డు కూడా నానే తినేత్తానురో!"

ఆ మాటతో వాడికి పౌరుషం వచ్చింది. నేను నేలని తన్నానో, నేలే నన్ను తన్నిందో తెలియదు. గడువు ముగియబోతుండగా ఇద్దరూ ఒకరి మీద ఒకరు గీత దాటి పడ్డారు.

"ఇద్దర్నీ కలిపితే ఒక సిపాయి అయినాడబ్బా!" అన్నాడు ఓబులేసు.

తర్వాత జోయెల్ ఎన్ని జతలు మార్చినా నన్ను పారేయలేదు. జుట్టు నెరిశాక, నూర్పుల రోజుల్లో, నన్నే తొడుక్కుని తవిటి ఊరు వెళ్లాడు. కళ్లం నడుమ ధాన్యం రాశి పక్కనుంచి తవిటి చేతులూపుతూ పిలిచాడు. జోయెల్ పరుగున వచ్చి అంచున ఆగిపోయాడు. ఎవరూ చెప్పకుండానే వంగి మమ్మల్ని విప్పి గట్టున పెట్టాడు, మట్టికి దండం పెట్టి వట్టి కాళ్లతో లోపలికి నడిచాడు.

తవిటి కళ్లు తుడుచుకుంటూ గట్టుకొచ్చి, ఎడమపాదం నాలో దూర్చాడు.

"ఓలమ్మో! ఇది ఇంకా కరుత్తందిరా!"

నేను కరిచానా? వట్టి మాట. చాన్నాళ్లకి కనిపించాడు కదా అని కాస్త గట్టిగా కావిలించుకున్నాను, అంతే.