నాలుగు వందల పన్నెండో రాయి

నేను ఒక రాతి వంతెనని. నిన్నమొన్నటిదాకా ఆ సంగతిలో నాకు ఏ అనుమానమూ ఉండేది కాదు. కింద జొన్నేరు పారేది, పైన జనం నడిచేవారు. నన్ను కట్టించింది ఎవరో రాజని కొందరు, కాదు ఎడ్ల వర్తకుడని కొందరు వాదించుకునేవారు. నా పుట్టుక నాకేం గుర్తు? ఇద్దరికీ ఊఁ కొట్టేదాన్ని.

ఇంతలో దిగువన ఆనకట్ట వచ్చిపడింది. ఊరూ నేనూ మునుగుతామన్నారు. ఊరిని ఖాళీ చేయించి, నన్ను మాత్రం పురాతన కట్టడమని కాపాడదలిచారు. ఈ మనుషుల తీరు నాకు అంతుపట్టదు! రాతిపని మేస్త్రి బాలప్ప నా ఒంటి మీది ప్రతి రాయికీ సున్నంతో అంకె వేయించి, విప్పి, లారీల్లో మిట్ట మీది కొత్త కాలనీకి తోలించాడు. "ఒక్క రాయి తేడా వచ్చినా మళ్లా సుత్తి పట్టను" అని అందరి ముందూ ఒట్టేశాడు. నలభై ఏళ్లుగా ఇదే పనిలో ఉన్నవాడికి ఆ ఒట్టు ఎందుకో!

మూడు నెలలకు మళ్లీ నిలబడ్డాను. కిందికి చూస్తే ఏరు లేదు, పచ్చగడ్డి. పక్కన ఒక రాయి మిగిలింది. అంకె నాలుగు వందల పన్నెండు. బాలప్ప నన్ను అంగుళం అంగుళం తడిమాడు, ఎక్కడా సందు లేదు. అది నాదో కాదో నాకే తెలియదే! చివరికి అతను సుత్తిని గోనెసంచిలో చుట్టేశాడు. నా ప్రాణం ఉసూరుమంది.

అప్పుడొచ్చింది ఉరుకుందమ్మ, మా ఊరందరి బట్టలూ ఉతికిన మనిషి. ఆ రాయిని నిమిరి ఒక్క కేక పెట్టింది.

"ఏం బాలప్పన్నా, తిక్కా నీకు? ఇది వంతెన రాయి కాదు, నా బండ! ముప్పై ఏండ్లు దీనిమిందనే ఉతికినా. వంతెన కింద ఉండాదని నీ మనుషులు దీనికీ అంకె ఏసినారు!"

బాలప్ప చతికిలబడి నవ్వాడు. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు. "యాడికి మోయాల్నో సెప్పు తల్లీ, నేనే మోస్తా."

"ఇంగ యాడికి? ఏరే లేకపాయె. ఎప్పుడూ ఉన్నకాడనే ఎయ్యి."

నా కమాను కింద వేయించింది. కొళాయి దగ్గర బిందె నింపుకొచ్చి, బాలప్ప తలగుడ్డ లాక్కుని తడిపి, బండకేసి బాదింది. ఎన్నాళ్లకు విన్నాను ఆ చప్పుడు! మిగిలిన నీళ్లు కుమ్మరిస్తే, ఈ పక్క నుంచి ఆ పక్కకు సన్నగా పారాయి.

నేను వంతెననో, ఏరు లేనిచోట నిలబెట్టిన బొమ్మనో ఇప్పటికీ తేల్చుకోలేదు. ఆ బిందెడు నీళ్లు ఇంకిపోయేదాకా మాత్రం ఒళ్లు బిగబట్టి నిలబడ్డాను.