రెండు వేలిముద్రల కార్డులు

మొగుడు లోవెల్ పోయిన మూడు నెలలకు, అతని పొట్టి గొట్టం తుపాకీని తన పేరు మీదికి మార్పించుకోడానికి ఆర్డిత్ షెరీఫ్ ఆఫీసుకు వెళ్లింది. ఫారంలో ఇచ్చేవారి చోట పోయిన మొగుడి తరఫున ఆమే సంతకం పెట్టింది. పుచ్చుకునేవారి చోటా ఆమే పెట్టింది.

"నా మొగుడి తుపాకీ నాకు రావడానికి ఇంత తతంగమా?" అని రుసరుసలాడింది.

"వాషింగ్టన్ వాళ్ల రూలమ్మా, నన్ను తిడితే ఏం లాభం?" అంటూ డిప్యూటీ టల్లీ రెండు కార్డుల మీద వేలిముద్రలు తియ్యడానికి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "మీరు నొక్కకండి. చెయ్యి వదులుగా నాకు వదిలెయ్యండి."

వదలడం ఆమెకు చేతకాలేదు. లోవెల్‌ని పూడ్చిన రోజు ఊరివాళ్లు ఓదార్పుగా పట్టుకున్నాక ఆ చేతిని మరెవరూ తాకలేదు. టల్లీ ఒక్కో వేలినీ సిరాలో అద్ది, కార్డు మీద మెల్లగా దొర్లించాడు. రెండో కార్డుకి వచ్చేసరికి చెయ్యి మెత్తబడింది.

"అయిపోయిందమ్మా, రెండూ శుభ్రంగా పడ్డాయి" అని అతను గుడ్డ అందించాడు.

ఆర్డిత్ కార్డుల వంక చూసింది. ముద్రలు నిజంగానే చక్కగా ఉన్నాయి.

"ఏం శుభ్రం, నా మొహం! ఆ బొటనవేలు అలుక్కుపోయింది, కనబడ్డం లేదూ?" అని కసిరి, చెయ్యి మళ్లీ చాపింది.