పొగమంచులో ఎనిమిది తెడ్లు

ఆర్డెల్ విశ్వవిద్యాలయాన్ని పెద్ద లీగులో చేర్చుకుంటారట అన్న మాట ఆ వేసవిలో ఊరంతా పాకిపోయింది. నెబ్రాస్కాలో మొక్కజొన్న చేల నడుమ ఒదిగిన చిన్న ఊరు ఆర్డెల్. ఇన్నాళ్లూ అక్కడి విశ్వవిద్యాలయం తనలాంటి చిన్నవాటితోనే ఆడుతూ వచ్చింది. పెద్ద లీగంటే నగరాలవాళ్ల కూటమి. అందులో చేరితే ఆ మహామహా ఫుట్‌బాల్ జట్లు ఇక్కడికే వచ్చి ఆడతాయి, వాటి వెనకే టీవీ కెమెరాలొస్తాయి. ఆలూ లేదు చూలూ లేదు, అప్పుడే క్షౌరశాల అద్దం మీద 'పెద్ద లీగు ఊరు' అని రంగుతో రాసేశారు.

చిక్కల్లా ఒక్కటే. ఆ లీగులో చేరాలంటే ఆడపిల్లల క్రీడ ఇంకొకటి ఉండి తీరాలి. విశ్వవిద్యాలయ అధ్యక్షుడు మెరిట్ గ్యాన్‌వే, పరుగు పందేలు నేర్పే లోర్నా హాస్కెట్‌ను పిలిపించాడు.

"పడవ పందెం పెడదాం లోర్నా. జలాశయం మన గుమ్మంలోనే ఉందాయె."

"నేను పడవెక్కింది ఒక్కసారే సార్, అదీ చేపలు పట్టడానికి. ఒక్కటీ పడలేదు."

"ఇక్కడ ఎవరికొచ్చు గనక? పిల్లలతో పాటే నువ్వూ నేర్చుకో."

యాభై దాటిన లోర్నా నవ్వాలో ఏడవాలో తెలియక సరేనంది. తూర్పు తీరం నుంచి ఒక పాత పడవ తెప్పించారు. సన్నగా, బాణంలా పొడుగ్గా, ఎనిమిది మంది తెడ్లు వేసేది. లోర్నా భోజనశాల గుమ్మం దగ్గర కాపు కాసి, పొడుగాటి పిల్ల కనబడితే చాలు, చెయ్యి పట్టుకుని ఆపేది. అలా ముందుగా దొరికింది ఇంగా తోర్స్‌గార్డ్. పశువుల మంద ఉన్న ఇంటి పిల్ల, పరిగెత్తే దూడ మెడకు తాడు విసరడంలో దిట్ట. చుక్కాని పట్టి అందరికీ లయ చెప్పడానికి మాత్రం గుప్పెడంత మనిషి కావాలి. డెల్ఫీన్ ఓచోవా వచ్చింది.

"అరవడం వచ్చా?"

"నాకు నలుగురు అన్నలు, కోచ్. అరవకపోతే మా ఇంట్లో నాకు బంగాళాదుంప ముక్క కూడా మిగలదు."

మొదట్లో ఆ పడవ ఎండ్రకాయలా పక్కకు నడిచింది. తెడ్లు ఒకదానికొకటి తగిలి టకటకలాడేవి. గట్టున గాలాలు వేసుకు కూర్చున్న ముసలాళ్లు "ఏం పిల్లలూ, గుడ్లు గిలక్కొడుతున్నారా?" అని వెక్కిరించేవాళ్లు. లోర్నా మోటారు పడవలో వెంట తిరుగుతూ, ముందురోజు చదువుకున్నది పిల్లలకు అప్పజెప్పేది.

ఆ నీటి అడుగున ఒక పాత ఊరుంది. ఆనకట్ట కట్టినప్పుడు జనాన్ని పైకి తరలించి, ఊరిని నీళ్లకు వదిలేశారు. లోర్నా తల్లి పుట్టింది ఆ ఊళ్లోనే.

సెప్టెంబరు చివర ఒక వేకువన నీళ్లు కదలక మెదలక ఉన్నాయి. మీద పాలపొరలాంటి ఆవిరి. ఉన్నట్టుండి ఎనిమిది తెడ్లూ ఒక్కసారే మునిగాయి, ఒక్కసారే లేచాయి. చప్పుడు ఒక్కటే. పడవ పోతున్నట్టు లేదు, ఆకాశమే నెమ్మదిగా వెనక్కి జారుతున్నట్టుంది. లోర్నా మోటారు ఆపేసింది. వీళ్లు ఇప్పుడు ఏ వీధి మీదుగా పోతున్నారో, బడి మీదుగానో, రొట్టెల కొట్టు మీదుగానో అనుకుంది. కింద ఎవరో కిటికీ తెరిచి తలెత్తి చూస్తున్నట్టు తోచింది.

"ఇప్పుడు మనం చేసిందేంటి కోచ్?" ఇంగా గుసగుసగా అడిగింది.

"నాకూ తెలీదమ్మా. మళ్లీ చెయ్యండి."

అక్టోబరులో లీగు పెద్దలు ముగ్గురు చూడవచ్చారు. సరిగ్గా ఆ పొద్దునే పొగమంచు దిగింది. గట్టు మీద నిలబడ్డవాళ్లకు తమ బూట్లు తప్ప ఏమీ కనబడలేదు.

"ఏరీ మన పిల్లలు?" గ్యాన్‌వే పళ్ల బిగువున అడిగాడు.

"అక్కడే ఉన్నారు సార్."

"అక్కడంటే ఎక్కడ?"

అప్పుడు వినిపించింది. దూరంగా ఒక దెబ్బ, తర్వాత నీళ్లు ఊపిరి విడిచినట్టు ఒక జారుడు, మళ్లీ దెబ్బ. ఆ చప్పుడు దగ్గరికొచ్చి, వాళ్లను దాటి, తెల్లటి మంచులోకి కరిగిపోయింది. వచ్చినవాళ్లలో పెద్దావిడ టోపీ తీసి చేత్తో పట్టుకుంది.

"ఎంతమంది?"

"తెడ్లు వేసేవాళ్లు ఎనిమిది మంది," అంది లోర్నా.

"ఒక్కరే అనుకున్నాను," అందావిడ.

పరుగు పందేల్లో ఎన్ని పతకాలొచ్చినా అంతటి మాట లోర్నా ఎన్నడూ వినలేదు.

నవంబరులో కబురొచ్చింది. లీగు ఆర్డెల్‌ను కాదని, టీవీలు ఎక్కువున్న ఒక నగరాన్ని ఎంచుకుంది. ఊరికి ఊరే చావింటిలా మూగబోయింది. ఇక పడవ దేనికి, అమ్మేద్దామన్నాడు గ్యాన్‌వే. లోర్నా పడవల కొట్టంలో పిల్లల్ని కూర్చోబెట్టి సంగతి చెప్పింది.

ఇంగా తన బొబ్బల అరచేతులు చూసుకుంది. "అయితే రేపు మామూలు వేళకేనా?"

"వినబడలేదుటే? లీగు లేదు."

"లీగు కోసం ఎవరు లేచారు కోచ్? ఆ చలిలో నేనైతే అమ్మ కోసం కూడా లేవను."

పిల్లలంతా గొల్లున నవ్వారు. లోర్నా ఆ నవ్వు చెవుల్లో ఉండగానే తిన్నగా గ్యాన్‌వే గదికి నడిచింది.

"పందేలొద్దు, ప్రయాణాలొద్దు. పడవ మాత్రం ఉండనివ్వండి సార్."

అతను కిటికీ దగ్గరికి వెళ్లి జలాశయం వైపు చూశాడు. ఈ నెలలో మనిషి బాగా చిక్కిపోయాడు. "ఆ చప్పుడు నాకు కల్లోకి వస్తోంది లోర్నా," అన్నాడు. "సరే, క్లబ్బని పేరు పెట్టుకోండి. నన్ను మాత్రం ఇంకేమీ అడక్కండి."

డిసెంబరులో ఒక పిల్లకు జ్వరమొస్తే, లోర్నాయే ఆ రెండో సీట్లో కూర్చుంది. గట్టు వారన నీళ్ల మీద మంచు ఒక్క పొర కట్టి ఉంది. పడవ దాన్ని చీల్చుకుపోతుంటే గాజులు చిట్లినట్టు సన్నటి చప్పుడు. గట్టు మసకబారి, చెట్లు మసకబారి, కాసేపటికి తన ముందున్న వీపు తప్ప లోకమేమీ మిగల్లేదు. చేతులు నొప్పి పుడుతున్నాయి, ఒళ్లు తేలిపోతోంది.

"రెండో సీటు, ఆలస్యం!" పడవ చివర్నుంచి డెల్ఫీన్ కేక వేసింది.

"ఎవర్నే అంటున్నావు?"

"మిమ్మల్నే కోచ్! మాట్లాడకుండా తెడ్డు వెయ్యండి!"