పళ్లెంలో పెన్‌డ్రైవ్

జమ్మలమడుగులో గంగాధరం జెరాక్స్ అంగడిలో ఒక మూల పాత కంప్యూటరు పడి ఉండేది. దాని హార్డ్ డిస్క్ ఎప్పుడో చెడిపోయింది. పాత సామాన్ల బండివాడు వచ్చినప్పుడల్లా గంగాధరం దాని మీది గోనెపట్ట తీసి చూపించేవాడు, వాడు పెదవి విరవగానే మళ్లీ కప్పేసేవాడు.

పులివెందులలో ఇంజనీరింగు చదివే ఆయన అన్న కొడుకు సాయినాథ్ ఎండాకాలం సెలవులకు వచ్చి దానికి ప్రాణం పోశాడు. బొటనవేలంత పెన్‌డ్రైవ్ ఒకటి వెనకవైపు గుచ్చి స్విచ్చి నొక్కితే, కాసేపటికి తెర వెలిగి, లోపలినుంచి కుక్కపిల్ల మొరిగింది.

"ఏందిరా అది? కుక్కను యాడ దాచిపెట్టినావు?" అంది గంగాధరం తల్లి సావిత్రమ్మ.

"దాని పేరే పప్పీ లినక్స్ అవ్వా. ఇట్లాంటి ముసలి మిషన్ల కోసమే చేసినారు. డిస్కు లేకపోయినా ఈ పుల్లలోనించి లేచి, మెమరీలో పోయి కూర్చుంటాది."

"ముసలోళ్లను లేపేది ఏదన్నా ఉంటే నాకూ ఒకటి తెచ్చీరా నాయనా, మోకాళ్లకు."

సాయినాథ్ నవ్వి, పక్కన నిలబడ్డ గంగాధరం కూతురు భావన వైపు తిరిగాడు. "పాపా, ఒకటి గుర్తు పెట్టుకో. నువ్వు చేసిన పనంతా కరెంటు ఉన్నంతసేపే. ఈడ సేవ్ నొక్కితేనే పుల్లలోకి పోతాది. దానంతట అది రాసుకునేది నేనే ఆపినా. పాత పుల్ల, మాటిమాటికీ రాస్తాంటే అరిగిపోతాది."

భావన తలూపింది. మాట్లాడడం కంటే తలూపడం ఆ పిల్లకు సులువు. ఇంటరు చదువుతున్నా, నాయన ఎదురుగా గొంతు పెగలదు. ఏదైనా చెప్పాలనుకుంటే ముందు డైరీలో రాసుకుంటుంది. రాసేసరికి చెప్పేసినట్టే ఉంటుంది. ఇక చెప్పదు.

కాస్తో కూస్తో నోరు విప్పేది అవ్వ దగ్గరే. ఒకనాడు అవ్వ ఆ కంప్యూటరు దుమ్ము తుడుస్తుంటే తనకు తెలిసిన సంగతి గొప్పగా చెప్పింది.

"ఈ పెద్ద డబ్బాలో ఏం లేదవ్వా. ఉండేదంతా ఈ చిన్నదాంట్లోనే. ఇది లేకుంటే డబ్బా ఒట్టి రేకు."

"ఇంతదాంట్లోనా?" అని అవ్వ ఆ పెన్‌డ్రైవ్‌ను అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, కళ్లకద్దుకుని ఇచ్చింది.

ఆ వీధి చివరింట్లోనే మెహతాబ్ మగ్గం పని చేస్తుంది. కొయ్యచట్రానికి రవికె గుడ్డ బిగించి, వంగి కూర్చుని, జరీతో పూసలతో పూలు కుట్టే పని అది. నలభై దాటకముందే ఆమె నడుము వంగిపోయింది. కూతురు సాజియా, భావన స్నేహితురాలు, పదో తరగతితో చదువు ఆపి, తల్లికి ఎదురుగా అదే చట్రం ముందు కూర్చుంది. కుట్టడం అంతంతమాత్రమే గానీ, పువ్వు గీసిందంటే ఆ పువ్వు గుడ్డ మీదే పూసినట్టుండేది. ప్రొద్దుటూరులో ఒక పెద్ద బట్టలంగడివాళ్లు కంప్యూటరులో డిజైన్లు గీసే అమ్మాయి కావాలన్నారు. కాగితం మీద గీసినవి పనికిరావు, దసరా అయిన మరునాడు కంప్యూటరులో గీసినవి తీసుకురమ్మన్నారు. ఆ పని దొరికితే సాజియా కుర్చీలో కూర్చోవచ్చు. ఆ పిల్ల కోరిక అంతే. అమ్మలాగా వంగకుండా నిటారుగా కూర్చుని పని చేయడం.

భావనకు దసరా సెలవులివ్వగానే సాజియా రోజూ మధ్యాహ్నం అంగడికి వచ్చేది. బొమ్మలు గీసే చిన్న ప్రోగ్రాం తెరిచి, మామిడి పిందెలు, మల్లె తీగలు, నెమళ్లు గీసేది. భావన పక్కన కూర్చుని రంగులు ఎంచి పెట్టేది.

"మ్మే, ఈ నెమలి చూడు. అచ్చం మీ నాయన మాదిరి మెడ తిప్పుతాండాది, అప్పు అడిగేటోళ్లు వచ్చినప్పుడు."

భావన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేది.

ఆ కంప్యూటరు ఒకసారి ఆపితే మళ్లీ లేవడానికి మొరాయిస్తుంది. అందుకని సెలవుల్లో దాన్ని ఆపనే లేదు. సేవ్ చేద్దామా అని సాజియా రెండుసార్లు అడిగింది. భావనకు సాయినాథ్ అన్న చెప్పిన మాట మనసులో ఉంది. పుల్ల అరిగిపోతుంది. "అన్నీ అయిపోనీ, ఒకేసారి నొక్కుదాం" అంది. పొదుపు ఆ ఇంట్లో అందరికీ ఉన్నదే.

దసరా ముందురోజుకే గీయాల్సినవన్నీ అయిపోయాయి. పండగ మరునాడు పొద్దున వచ్చి తీసుకుంటానని సాజియా వెళ్లింది. అప్పుడే సేవ్ నొక్కుదామంది భావన. దసరా పొద్దున ఆయుధపూజకు గుమ్మడికాయ కోసం భావన బజారుకు పోయి వచ్చేసరికి అంగడంతా కడిగి ముగ్గు పెట్టి ఉంది. జెరాక్స్ మిషన్‌కు బొట్లు పెట్టి దండ వేశారు. అమ్మవారి పటం ముందు పళ్లెంలో కత్తెర, స్కేలు, స్టాప్లరు, కాగితాలు కోసే కత్తి. వాటి నడుమ తమలపాకు మీద, పసుపు పూసి కుంకుమ పెట్టి, చామంతి కింద చల్లగా పడుకున్న పెన్‌డ్రైవ్.

భావన మూలకు పరుగెత్తింది. తెర ఇంకా వెలుగుతూనే ఉంది. నెమలి మెడ తిప్పి చూస్తోంది. అవ్వ పుల్ల పీకేసినా పనంతా మెమరీలో అట్లాగే కూర్చుని ఉంది. పుల్ల మళ్లీ గుచ్చి సేవ్ నొక్కితే చాలు. ఇంట్లో ఇంకో పెన్‌డ్రైవ్ లేదు. అంగడికి వచ్చేవాళ్లు ఎవరిది వాళ్లే తెచ్చుకుంటారు, పండగ పూట వాళ్లూ రారు.

అప్పటికే హారతి అయిపోయింది. గంగాధరం చేతులు తుడుచుకుంటూ అన్నాడు. "రేపు పొద్దున అవ్వ కదిలించేదాకా పళ్లెంలోది ఎవరూ ముట్టుకోవద్దు. సంవత్సరమంతా చేస్తాండాయి, ఒక దినం వాటినీ పండుకోనీండి."

"అసలైంది మర్చిపోతాంటిమి నాయనా," అంది అవ్వ మనవరాలిని చూసి మురిసిపోతూ. "పాప చెప్పింది కాబట్టి సరిపాయె. లేకుంటే ఒట్టి రేకుకు బొట్టు పెట్టింటాము."

భావన మనసులో మాట కూర్చుకుంది. అవ్వా, దాన్ని ఒక్క నిమిషం ఇయ్యి, మళ్లీ పెట్టేస్తా. అంతే. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఇంతలో చుట్టుపక్కల అంగళ్లవాళ్లు ప్రసాదానికి వచ్చారు. వాళ్లు పోనీ అనుకుంది. వాళ్లు పోయాక నాయన అక్కడే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. మధ్యాహ్నం అవ్వ ఒక్కతే ఉన్నప్పుడు పక్కకు పోయి నిలబడింది.

"ఏం తల్లీ, గుగ్గిళ్లు కావాల్నా?"

భావన తలూపింది. అవ్వ దోసిట్లో పోసిన గుగ్గిళ్లు ఒక్కొక్కటే నమిలింది. ఉప్పు తెలియలేదు.

తర్వాత లోపలికి పోయి డైరీ తీసి అంతా రాసింది. అవ్వను అడగాలి, సాజియా పని ఉంది, అమ్మవారు ఏమీ అనుకోదు. రాస్తుంటే మనసు తేలికపడింది. కరెంటు పోకపోతే రేపు పొద్దున దాకా ఏమీ కాదులే అనుకుంది.

దీపాలు పెట్టే వేళకు గండికోట వైపునుంచి గాలి లేచింది. నాలుగు చినుకులు పడ్డాయో లేదో, ఫ్యాను తిరగడం ఆగింది. వీధంతా చీకటి. అంగడి మూల వెలుగు కూడా లేదు.

మరునాడు సాజియా బురఖా ఇస్త్రీ చేసుకుని, ప్రొద్దుటూరు బస్సుకు తయారై వచ్చింది. అవ్వ పళ్లెం కదిలించి పుల్ల ఇచ్చింది. భావన కుంకుమ ఊది గుచ్చింది. కుక్కపిల్ల ఎప్పటిలాగే మొరిగింది. తెర మీద ఏమీ లేదు.

ఏమైందో భావన నోరు తెరిచి చెప్పేలోపే అవ్వకు అర్థమైంది. "నేనే పీకినా తల్లీ. ముసలిదాన్ని, నాకేం తెల్సు. నా వల్లనే పాయె," అని సాజియా చేతులు పట్టుకుంది.

"పోనీలే అవ్వా. నువ్వేమన్నా కావాలని చేస్తివా?" అని సాజియా తెర వైపు ఇంకోసారి చూసి వెళ్లిపోయింది. ఆ వారమే బట్టలంగడివాళ్లు ఇంకొకరిని పెట్టుకున్నారు.

అవ్వ రాత్రి అన్నం సరిగా తినడం మానేసింది. అది చూడలేక భావన, కరెంటు పోయేదాకా బొమ్మలు తెర మీదే ఉన్నాయని, పుల్ల అడిగి గుచ్చి ఉంటే దక్కేవని అవ్వకు చెప్పింది.

"అడక్కూడదామ్మా? ఎత్తి ఇచ్చింటానే. అమ్మవారికి ఒక టెంకాయ ఎక్కువ కొట్టి తప్పైందని చెప్పుకునింటా." తర్వాత అవ్వ మెల్లగా, "నాకు కాదు చెప్పాల్సింది" అంది.

భావన వీధి చివరిదాకా పోవడానికి ఇంకా చాలా రోజులు పట్టింది. పోయినప్పుడు మెహతాబ్ ఇంట్లో లేదు. సాజియా చట్రం ముందు వంగి కూర్చుని ఉంది. గుడ్డ మీద సుద్దతో గీసిన నెమలి సగం కుట్టి ఉంది.

"రామ్మే, కూర్చో."

భావన కూర్చోలేదు. "పుల్ల తీసినాక కూడా నీ బొమ్మలు తెర మీద ఉండినాయి. సాయంత్రం దాకా ఉండినాయి. అవ్వను అడిగి పుల్ల గుచ్చింటే సరిపోయేది. నేను అడగలా."

సూది ఆగింది.

"సాయంత్రం దాకానా?"

"ఊఁ."

"నువ్వు ఆడనే ఉండావా?"

భావన తలూపబోయి ఆగింది. "ఆడనే ఉండా" అని నోటితోనే చెప్పింది.

సాజియా నెమలినే చూస్తూ, "అవ్వను ఏమీ అనలేక ఊరకుండినా," అంది. "నువ్వు ఇది చెప్పకుండా ఉండింటే బాగుండు మ్మే. ఇప్పుడు నిన్ను అనకుండా ఎట్ల ఉండేది?"

మళ్లీ గుడ్డ మీదికి వంగింది. సూది టకటకా దిగుతూ లేస్తూ ఉంది. భావన అక్కడే నిలబడింది, పొమ్మంటుందేమోనని. సాజియా పొమ్మనలేదు, కూర్చోమని కూడా అనలేదు.