పూజారి ముఖం

తండ్రి ప్రాణం పోయిన బల్ల మీదే జోజినా పని చేసుకునేది. ఆంట్వెర్ప్‌లో ఆ ఏడాది ఎవరి బల్ల మీద ఏం జరిగిందని అడిగేవాళ్ళు లేరు, అందరి ఇళ్ళలోనూ ఏదో ఒకటి జరిగింది.

జీతాలందని స్పెయిను సిపాయిలు ఊరి మీద పడిన రోజున కొందరు ఆ ఇంట్లోకి జొరబడ్డారు. బంగారం ఎక్కడన్నారు. రాగిరేకుల మీద బొమ్మలు చెక్కి పొట్ట పోసుకునేవాడింట్లో బంగారమేమిటి? తండ్రి అద్రియాన్ ఆ మాటే చెప్పాడు. మింగేసి ఉంటాడని ఒకడు తేల్చాడు. వాడి ఎడమ చెంప మీద కంటి నుంచి దవడ దాకా కత్తిగాటు ఉంది. ముసలాయన్ని బల్ల మీద వెల్లకిలా పడేసి, చొక్కా చింపి, పొట్ట కోసి, లోపల చెయ్యి పెట్టి వెతికాడు. జోజినా బొగ్గుల గది తలుపు సందులోంచి, పిడికిలి నోట్లో కుక్కుకుని అంతా చూసింది. ఆయన వెంటనే చావలేదు. వాళ్ళు వెళ్ళిపోయాక కూడా కాళ్ళు కొట్టుకున్నాడు.

వసంతంలో సిపాయిలు ఊరు వదిలారు. కొందరు మాత్రం మారుపేర్లతో దాక్కుని మిగిలారని పుకారు. గాటువాడు ఆ మిగిలినవాళ్ళలో ఉండాలని, తన చేతికే చిక్కాలని జోజినా రోజూ మొక్కుకునేది. ఇలాంటి మొక్కులు వినీ వినీ దేవుడికి విసుగెత్తి ఉండాలి.

బొమ్మలమ్మే కాస్పర్, తండ్రికి పాత స్నేహితుడు, ఓ రోజు పెద్ద రాగిరేకు తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"మెక్సికో గుడి కావాలే అమ్మాయ్. పైన దెయ్యం, కింద మెట్లు, మధ్యలో పూజారి మనిషి గుండె పీకుతుండాలి. నెత్తురు మాత్రం ధారాళంగా ఉండాలి. జనం అదే అడుగుతున్నారు."

"జనం చూసింది చాల్లేదా బాబాయ్?"

"మన నెత్తురు ఎవడు కొంటాడే? పరాయివాళ్ళదైతే గోడకి తగిలించుకుంటారు."

మెక్సికో గుడి ఎలా ఉంటుందో ఊళ్ళో ఎవరికీ తెలియదు, ఒర్తూన్యోకి తప్ప. స్పెయినువాడే అయినా ఇరవై ఏళ్ళుగా రేవులో తాళ్ళు పేనుతూ బతుకుతున్నాడు. కుర్రతనంలో మెక్సికో వెళ్ళి, అక్కడి పిల్లనే పెళ్ళాడి, ఆమె మశూచితో పోతే ఒంటరిగా తిరిగొచ్చాడు. ఓడ తాడు తెగి కొట్టిన దెబ్బకి కుడి చెంప మీద పొడుగాటి గాటు మిగిలింది. అద్రియాన్ శవాన్ని ముట్టుకోవడానికి ఇరుగుపొరుగులు జంకినప్పుడు, పేగులు లోపలికి సర్ది గుడ్డ చుట్టి స్మశానానికి మోసింది ఇతనే.

జోజినా గీసిన చిత్తు బొమ్మ చూసి అతను పగలబడి నవ్వాడు.

"ఈ స్తంభాలేంటే పిల్లా? ఇది మన నగరసభ భవనం! దీని మీద కొమ్ముల దెయ్యాన్ని ఎక్కించావా?"

"మరి ఎలా ఉండేది మామా?"

"నేను వెళ్ళేసరికి కూలగొట్టేశారు. ఆ రాళ్ళతోనే చర్చి కట్టారు. మా మామగారు చిన్నప్పుడు ఆ మెట్లు ఊడ్చేవాడట, ఆయన చెప్పిందే నాకూ తెలుసు. తెల్లగా సున్నం కొట్టి ఉండేదట. రాయి మీద మనిషిని చంపేవాళ్ళు, అది నిజమే. పూజ కాగానే మెట్లన్నీ కడిగేవాళ్ళట." చిత్తు బొమ్మని పక్కకి జరిపి అన్నాడు. "మనవాళ్ళు వెళ్ళి అదే ఊళ్ళో ఎంతమందిని చంపారో. కడిగినవాడు లేడు."

స్తంభాలు తీసేస్తానంది జోజినా. కాస్పర్ ఒప్పుకోలేదు. స్తంభాల్లేకపోతే అది గుడని ఎవడికి తెలుస్తుందన్నాడు. ఆ దెబ్బతో మెక్సికో గుడి ఆంట్వెర్ప్ నగరసభగానే ఉండిపోయింది.

వాళ్ళ పనిలో ఒక పద్ధతుంది. ముందు కాగితం మీద గీసి, దానికి నూనె పట్టించి, బోర్లించి, వెనక నుంచి కనిపించే గీతల్నే రాగి మీదికి దింపుకుంటారు. అచ్చు వేశాక బొమ్మ మళ్ళీ తిరగబడి సరిగ్గా వస్తుంది. గుడి, మెట్లు, దెయ్యం, బండ మీద మనిషి, అన్నీ అలాగే దింపింది. పూజారి ముఖం మాత్రం కాగితం మీద గీయలేదు, ఖాళీగా వదిలేసింది. చివరికి దాని దగ్గరికి వచ్చేసరికి కాగితం అక్కర్లేకపోయింది. తలుపు సందులోంచి చూసిన ముఖం కళ్ళ ముందే ఉంది. ఉలి పట్టుకుని నేరుగా రాగి మీద చెక్కేసింది. కళ్ళు, ముక్కు, ఎడమ చెంప మీద కత్తిగాటు. చెక్కుతున్నంతసేపూ పళ్ళు కొరుకుతూనే ఉంది. లేచినప్పుడు ఒంట్లో జ్వరం దిగినట్టు హాయిగా అనిపించింది.

"వీడెవడే?" అన్నాడు కాస్పర్.

"నాన్నని కోసినవాడు. అచ్చు వేసి ఊరంతా అంటించు బాబాయ్. నాకు మాత్రం చూపించకు, మళ్ళీ చూడలేను."

కాస్పర్ కళ్ళు మెరిశాయి. ముఖం వెనక కథ ఉంటే బొమ్మ ఇంకా బాగా పోతుంది. వారం తిరక్కుండా సారా కొట్టుల గోడల మీద, చేపల బజారు తలుపుల మీద ఆ పూజారే.

ఆగస్టులో ఊరి జనమంతా సిపాయిల కోట గోడను పగలగొడుతున్నారు. ఆడవాళ్ళు కూడా తట్టలు పట్టుకుని వెళ్ళారు. అలాంటి రోజున పక్కింటి కసాయి బౌడ్విన్ రొప్పుతూ వచ్చాడు. దోపిడీ రోజున తమ్ముణ్ణి పోగొట్టుకున్నవాడు.

"చెల్లీ! దొరికాడే! మీ నాన్నని చంపినోడు దొరికాడు! నువ్వొచ్చేదాకా ఆపమన్నా, రా!" అని, వచ్చినంత వేగంగా వెనక్కి పరిగెత్తాడు.

ఉలి పిడికిట్లో బిగించి జోజినా కూడా పరిగెత్తింది. దారి పొడుగునా నవ్వుతూనే ఉంది. ఎక్కడ పొడవాలో కూడా అనుకుంది, ముందు కంట్లో అని.

దోపిడీలో కాలిపోయిన నగరసభ మెట్ల నిండా జనం. ఆమె కోసం దారి వదిలారు. పై మెట్టు మీద, బాగుచేతకని తెచ్చిన రాతిదిమ్మె మీద మనిషిని వెల్లకిలా వంచి, నలుగురు కాళ్ళూ చేతులూ పట్టుకున్నారు. చొక్కా చింపేశారు. ఒక చెవి లేదు. నోట్లోంచి నెత్తురు కారుతోంది.

ఒర్తూన్యో.

ఆమెని చూడగానే అతని ముఖం తేటపడింది. "వచ్చావా తల్లీ. నువ్వైనా చెప్పవే వీళ్ళకి."

"వీడు కాదు! అన్నా, ఈయన కాదు! వాడి గాటు ఎడమ చెంపకి!"

బౌడ్విన్ నడుముకి దోపుకున్న కాగితం తీసి ఆమె ముఖం ముందు విప్పాడు. "ఇదిగో, నువ్వు చెక్కిందే. కుడి చెంప."

అచ్చును ఆమె చూడటం అదే మొదటిసారి. పూజారి కుడి చెంప మీద కంటి నుంచి దవడ దాకా గాటు. ముఖం చెక్కేటప్పుడు కాగితం బోర్లించలేదు. ఈ పని నేర్చుకునే పసిపిల్ల కూడా చేయని తప్పు.

"తిరగబడిందన్నా! నేను నేరుగా రాగి మీదే చెక్కాను, అచ్చులో అటూ ఇటూ అయింది! నా తప్పు! అద్దంలో చూసుకున్నట్టు..."

"జాలిపడుతోందిరోయ్!" అని ఎవరో అరిచారు.

"నాన్నని మోసింది ఈయనే! మీరెవరూ ముట్టుకోకపోతే ఈయనే మోశాడు!"

బౌడ్విన్ ఒక్క క్షణం తటపటాయించాడు. ఆ ముఖంలో సందేహం జోజినాకి స్పష్టంగా కనిపించింది. వెంటనే వెనక నుంచి ఓ ఆడగొంతు, "వాడు కాకపోతేనేం, స్పెయినోడేగా!" అంది. మెట్లన్నీ ఆ మాటే అందుకున్నాయి.

ఆమె ఒర్తూన్యో మీద అడ్డంగా పడింది. జుట్టు పట్టి ఈడ్చారు. చేతిలోని ఉలితో ఎవరినో పొడిచింది, ఎవరినో తెలియదు. కసాయికి శరీరం తెరవడం చేతనైన పనే. పక్కటెముకల కింద కోసి మోచేతి దాకా దూర్చాడు. ఒర్తూన్యో తన పెళ్ళాం భాషలో ఏదో అరిచాడు, సగంలో ఆగిపోయింది. బౌడ్విన్ గుండెను పీకి పైకెత్తి పట్టుకున్నాడు. జనం టోపీలు ఎగరేశారు. స్తంభాలు, మెట్లు, రాయి, ఎత్తిన చెయ్యి. ఆమె చెక్కిన బొమ్మలో ఏదీ తప్పలేదు.

సాయంత్రం జనం సారా కొట్లకి పోయాక జోజినా బకెట్టు, చీపురు తెచ్చి ఆ మెట్లన్నీ కడిగింది. ఎవరూ సాయం రాలేదు. ఎవరూ ఆపలేదు.

మర్నాడు కాస్పర్ వచ్చేసరికి ఆమె రాగిరేకు మీద పూజారి ముఖాన్ని గీకేసి, నున్నగా సానపెడుతోంది.

"కొలోన్ ఊరి నుంచి కూడా అడుగుతున్నారే, పాడు చేశావా!"

"లేదు బాబాయ్. వేరే ముఖం పెడతాను."

"ఎవరిది?"

జోజినా లేచి లోపలికి వెళ్ళింది. తల్లి వాడిన చిన్న అద్దాన్ని తెచ్చి తండ్రి బల్ల మీద, నెత్తుటి మరక పక్కన నిలబెట్టింది. అందులో కనిపించిన ముఖాన్ని ఉన్నదున్నట్టు రాగి మీద చెక్కింది, గడ్డం మీది పుట్టుమచ్చతో సహా. అద్దం తిప్పినదాన్ని అచ్చు మళ్ళీ తిప్పింది.

ఈసారి మచ్చ ఉండాల్సిన వైపే వచ్చింది. ఆ కాగితం చూసిన వాళ్ళెవరైనా ఆమెని ఇట్టే గుర్తుపట్టగలరు.