పెళ్ళివారింటికి బయలుదేరిన చెప్పు

చైనాలోని చాంగ్‌షాలో, ఆడపిల్లల పాదాలు ఎదగకుండా గుడ్డలతో బిగించి కట్టకూడదని సంఘం పెట్టినప్పుడు దాని నియమాలు రాసింది లియావ్ మావోచెన్. పాదాలు కట్టకపోతే పిల్లకు మొగుడు దొరకడని తల్లుల భయం. అందుకని సభ్యులు సభ్యుల ఇళ్ళలోనే సంబంధాలు చేసుకోవాలన్నాడు. ఆ లెక్కన తన కూతురు రుయ్‌లాన్‌ను ఉపాధ్యక్షుడు పెంగ్ గారి కొడుక్కి అడిగించాడు. కుదిరితే సంఘంలో అదే మొదటి పెళ్ళి. చెడితే ఊళ్ళో తల్లులందరూ మళ్ళీ గుడ్డపట్టీలు బయటికి తీస్తారు. మూడు రోజులుగా మావోచెన్‌కు అన్నం సయించడం లేదు.

ఇన్ని నియమాలు రాసినవాడు, పాదం ఎంత చిన్నదో తెలియడానికి పిల్ల చెప్పు ఒకటి పెళ్ళివారికి చూపించే ఆచారం సంగతి మరిచిపోయాడు. మావోచెన్ తల్లి మరవలేదు. సంబంధాలు కుదిర్చే చిన్ అత్త పల్లకీ వీధి మలుపు తిరిగాక, చెప్పు పంపానని చల్లగా చెప్పింది.

"ఏ చెప్పమ్మా?"

"నా పెళ్ళినాటిది. మూడంగుళాలు. నీ కూతురిది పంపితే పడవ పంపారనుకోరూ?"

మావోచెన్ మెట్ల మీద కూలబడ్డాడు. నియమాలు రాసినవాడే దొంగచాటుగా కూతురి పాదాలు కట్టించాడనుకుంటారు పెంగ్ వాళ్ళు. పరువు తీశావమ్మా అంటే, కాపాడానురా అంది ముసలావిడ.

ఆయన టోపీ వెతుక్కునేలోపే రుయ్‌లాన్ గడప దాటేసింది.

"మీరు నెమ్మదిగా రండి నాన్నా."

నెమ్మదిగా కాక ఇంకెలా వెళ్తాడు? పొడుగు అంగీ కాళ్ళకు చుట్టుకుంటోంది. పైగా ప్రతి దుకాణం ముందూ ఎవరో ఒకరు నమస్కరిస్తారు, ఆగి వంగి బదులివ్వాలి. పెంగ్ గారి గుమ్మం చేరేసరికి రుయ్‌లాన్ బురద కాళ్ళతో మెట్టు మీద కూర్చుని టీ తాగుతోంది. ఒళ్ళో చిన్న చెప్పు. పల్లకీ మోసేవాళ్ళు ఆయాసపడుతూ ఆ పిల్లనే చూస్తున్నారు. చిన్ అత్త ముఖం మాడ్చుకుని ఉంది.

"మా వాకిట్లోనే లాక్కుంది, అన్నయ్యగారూ," అంది పెంగ్ గారి భార్య. "చెప్పు ఇక చూడక్కర్లేదు, కాళ్ళే చూశాం. మావాడికే అంత పరుగు రాదు. మీ పిల్ల ఒప్పుకుంటుందా అని భయంగా ఉంది."

ఒప్పుకుంటానని రుయ్‌లాన్ టీ గిన్నెలోకి చూస్తూ చెప్పింది.

ఇంటికొచ్చాక నాయనమ్మ పెళ్ళి మాట ఎత్తలేదు. ఎంత దూరం పరిగెత్తావని అడిగింది. చేపల బజారు మీదుగా ఊరి దక్షిణద్వారం దాకా అని చెప్పింది మనవరాలు. పుట్టి బుద్ధెరిగాక ఆవిడ అంత దూరం నడిచిందే లేదు. చిన్న చెప్పును చేతిలో అటూ ఇటూ తిప్పింది.

"నయమే, తడవలేదు," అంది.